నాగక్క పొట్టేలు, పవిత్ర బ్రిడ్జి

హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే హైవేలో, దక్షిణ పినాకిని మీద కొత్త కమాను వంతెన లేచింది. దాన్ని కట్టిన ఇంజనీర్లలో పవిత్ర ఒకతె. ఆమె తల్లి నాగక్క గొర్రెలు కాసుకునే మనిషి. నా కూతురు ఏటి మీద బ్రిడ్జి కడుతోందని ఊరూరా చెప్పుకుంటూ ఈ మధ్య నాగక్క కాలు నేల మీద ఆనడమే లేదు.

ఆ రోజు లోడు పరీక్ష. కంకర నింపిన టిప్పర్లను వంతెన నడుమ నిలబెట్టి ఎంత కుంగుతుందో, అవి దిగిపోయాక తిరిగి ఎంత లేస్తుందో చూస్తారు. లేవకపోతే పవిత్ర తొలి వంతెన నవ్వులపాలే. నాగక్క ఊరుకోగలదా? తెల్లారగానే మందలోని బలిసిన పొట్టేలుకు పసుపు పూసి తోలుకొచ్చింది.

వచ్చేసరికి డ్రైవర్లు బండ్లు దిగి మొండికేసి కూర్చున్నారు. జూజువాడి ఈశ్వరప్ప వాళ్లకు పెద్ద. గంగమ్మకు రక్తం చూపించందే కొత్త వంతెన బరువు మోయదని, ముందు పోయే బండిని మింగేస్తుందని అతని వాదన. పసుపు పొట్టేలును చూడగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఒకడు కత్తి కూడా తీశాడు.

పవిత్ర అడ్డం నిలబడి తల్లితో అంది.

“దీన్ని కోస్తే బ్రిడ్జి దీని రక్తంతోనే నిలిచిందంటారు మా. మరి నేను కట్టిందేమి?”

నాగక్క ఇరుకున పడింది. అటు దేవత, ఇటు బిడ్డ. గంగమ్మను కాదంటే ఏం మూడుతుందోనని భయం, కూతురి మొహం చూస్తే అంతకు మించిన భయం. కాసేపు పొట్టేలు కొమ్ములు నిమిరింది. తరువాత కొంగు బిగించి, పొట్టేలును ముందున్న ఈశ్వరప్ప టిప్పరు క్యాబిన్‌లోకి తోసి, తానూ ఎక్కి కూర్చుంది.

“నా బిడ్డ కట్టింది. నేనూ వస్తాను, నా పొట్టేలూ వస్తుంది. పోనీప్పా ఈశ్వరప్పా.”

ఆడమనిషి ఎక్కి కూర్చున్నాక తాను కింద నిలబడితే ఈశ్వరప్ప జూజువాడిలో తలెత్తుకు తిరగ్గలడా? గబగబా ఎక్కి స్టీరింగు పట్టుకున్నాడు. వెనకే తక్కిన బండ్లన్నీ కదిలాయి. నడి వంతెనలో ఆపాక అతను కళ్లు మూసుకుని గంగమ్మను తలుచుకుంటూ ఉండిపోయాడు. నాగక్క మాత్రం కిటికీలోంచి తొంగి చూసింది. ఎక్కడో కింద ఏరు, నెత్తిన కమాను, ఒళ్లో పొట్టేలు తల. భయం ఏ మూలకు పోయిందో గాని, కేక వెయ్యాలన్నంత సంతోషం పొంగుకొచ్చింది.

కొలతలయ్యాయి, బండ్లు వెనక్కి వచ్చాయి. వంతెన రవ్వంత కుంగి మళ్లీ ఉన్నచోటికే లేచిందని పెద్ద ఇంజనీరు చెప్పగానే డ్రైవర్లు ఈలలు వేశారు. కట్టితే పవిత్రమ్మే కట్టాలని ఈశ్వరప్ప, మొదటి నుంచీ తన మాట అదే అయినట్టు, కనిపించిన వాళ్లందరికీ చెప్పసాగాడు.

నాగక్క దిగి కూతురి కోసం వెతికింది. పవిత్ర కంకర కుప్ప మీద కూలబడి, ఏడుస్తూ మధ్యమధ్య నవ్వుతోంది.

“గెలిచినావు కదా పాపా, ఏడ్చేది యాల?”

పవిత్ర చుట్టూ చూసి, తల్లి చెవిలో మెల్లగా చెప్పింది.

“నువ్వు బండెక్కినాక నాకు లెక్క ఒక్కటీ గుర్తు రాలేదు మా. గంగమ్మకు రెండు పొట్టేళ్లు మొక్కుకున్నాను.”