సూర్యలంకకు ఆరడుగుల చెక్క

చెక్క తయారు కాకముందే నా కూతురు ట్రంకుపెట్టె సర్దేసింది. అది దాని తల్లి బుద్ధి.

1979 దసరా సెలవులు. ప్రసన్నకుమారి అప్పుడు సంజామల దగ్గర ఒక పల్లెలో టీచరు. ఎనిమిది మంది టీచరమ్మలు కలిసి నంద్యాలలో రైలెక్కి, బాపట్ల దగ్గరి సూర్యలంకకు పోవాలనుకున్నారు. ఏడుగురు సముద్రం చూడటానికి. నా కూతురు దాని మీద నిలబడటానికి.

నంద్యాల మిషను బంగళాలో పాత విదేశీ పత్రిక ఒకటి దీని కంటబడింది. అందులో ఒక బొమ్మ. ఇల్లంత అల, ఆ అల మీద ఒక చెక్క, చెక్క మీద చేతులు చాపి నిలబడ్డ ఒక మనిషి. ఆ బొమ్మ అడిగి తెచ్చుకుని రెండేళ్లుగా బైబిల్లో దాచుకుంది.

"నాయనా, నాకిట్లాంటి చెక్క కావల్ల."

"నీళ్ల మీద నిలబడేదేందిమ్మే? ఏసుప్రభువు నిలబడె. పేతురు మునిగె."

"పేతురు దగ్గర చెక్క లేదు గదా. వాళ్ల నాయన వడ్రంగి కాదు."

నేను ఆళ్లగడ్డలో వడ్రంగిని. నాగళ్లు, తలుపులు చేస్తాను. మా క్రైస్తవుల ఇళ్లలో ఎవరైనా పోతే శవపెట్టె కూడా నేనే చేస్తాను. ఆరడుగుల చెక్క నాకు కొత్త కాదు. నాలుగేళ్ల కిందట నా భార్య లూదియాకు కూడా నేనే చేశాను.

"చేస్తా. అయితే ముందు ఈడ, మన కాలవలో నిలబడుకో. నిలబడితే చెక్క తీసుకొని పో. పడితే ఆ ట్రంకు విప్పి కోకలు దండేనికి ఎయ్యి, ప్రయాణం లేదు. ఈ ఇంటికి ఇంకో శవపెట్టె చేసే ఓపిక నాకు లేదు."

"సరే నాయనా" అంది. ట్రంకులోంచి ఒక్క కోక కూడా బయటికి తీయలేదు.

టేకు బరువు. వేప ఇంకా బరువు. అహోబిలం అడవిలో ఉండే చెన్నయ్యకు బస్సు డ్రైవరుతో కబురు పెట్టాను. అతను చెంచు. ఏటా నాకు కొండతేనె తెచ్చి ఇస్తాడు. మూడో రోజు బస్సు టాపు మీద ఒక మొద్దు వేసుకుని దిగాడు.

"పొణికి మాను నతానియేలన్నా. బొమ్మలు చేసేది. గాలికి పడి రెండేండ్లాయ. ఎండి దూదైపోయింది."

ఒంటి చేత్తో లేపాను. లేచింది. నాకు నచ్చలేదు.

"ఇదేం చెక్కప్పా, ఊదితే పోయేట్టుంది."

"నువ్వు మునిగేదాన్నే చెక్క అంటావు. తేలేదాన్ని ఎప్పుడన్నా చేసినావా?"

చేయలేదు. రంపం తీసుకున్నాను.

మొద్దును మూడు పలకలుగా కోశాను. కొయ్య చీలలు వేసి పక్కపక్కన బిగించాను. ఇనుప మేకు ఒక్కటి కూడా వాడలేదు. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. బొమ్మలో ఉన్నట్టు ముందు కొస సన్నం చేసి కొంచెం పైకి లేపాను. అంచులన్నీ గుండ్రంగా చిత్రిక పట్టాను. చివర మూడు పూతల వార్నీషు వేశాను. మొహం చూసుకోవచ్చు, అంత నునుపు.

ఇక అల కావాలి. మా కె.సి. కాలవ నిండుగానే పారుతోంది గానీ చదునుగా పారుతోంది. ఊరి బయట ఒక్కచోట మాత్రం కాలవకు అడ్డంగా షట్టర్లున్నాయి. షట్టరు ఎత్తినప్పుడు నీళ్లు కిందపడి, మళ్లీ ఎగిరి, అల అక్కడికక్కడే లేచి నిలబడుతుంది. షట్టరు మూసేదాకా కదలదు. అలాంటి అల నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ షట్టర్లు ఎత్తి దించే లస్కరు యోబు. లూదియా తమ్ముడు. నా కూతురికి చిన్నప్పుడు ఈత నేర్పింది అతనే. నాలుగేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు. లూదియా నంద్యాల ఆసుపత్రిలో మూడు రోజులుంది. తమ్ముణ్ణి చూడాలంది. కబురు పంపాను. కాలవకు గండి పడేట్టుంది, వదిలి రాలేనన్నాడు. అతను వచ్చేసరికి నేను పెట్టె మూత బిగించేశాను. ఒక్కసారి తీయమన్నాడు. తీయలేదు. తప్పు అతనిదే. ఇప్పటికీ అదే అంటాను.

అల కావాలంటే మాత్రం అతని దగ్గరికే పోవాలి.

కింది ఊళ్లకు నీళ్లు వదిలే రోజు చూసుకుని పొద్దున్నే పోయాం. చెన్నయ్య చెక్క ముందు కొసకు తాడు కట్టాడు. తేనె తీయడానికి కొండ చరియల్లో దిగే తాడు అది. ప్రసన్న కోక గోచి పోసి కట్టుకుని నీళ్ల అంచున నిలబడింది. యోబు షట్టరు చక్రం పట్టుకుని ఉన్నాడు. నాకు అయిదడుగుల దూరం.

"మ్మే, షట్టరు రొంత ఎత్తమని చెప్పు మీ మామకు" అన్నాను.

"మామా, రొంత ఎత్తాలంట."

"రొంత అంటే ఎంతనో అడుగమ్మా మీ నాయన్ని. జానెడా, మూరెడా?"

"జానెడని చెప్పు."

"జానెడుకు అల లేయదని చెప్పు."

"అయితే మూరెడు ఎత్తి సావమని చెప్పు."

"మామా, మూరెడు ఎత్తాలంట. మిగిలింది నేను చెప్పను" అంది ప్రసన్న.

చెన్నయ్య తాడు నడుముకు చుట్టుకుంటూ నవ్వాడు. "బలే ఉందే! ఇద్దరు మూగోళ్లు, మధ్యలో ఒక టీచరమ్మ."

యోబు చక్రం తిప్పాడు. నీళ్లు అరుచుకుంటూ కిందపడ్డాయి. అల లేచింది. ఎద్దు మూపురమంత ఎత్తు. ప్రసన్న చెక్క మీద బోర్లా పడుకుని అల మీదికి పోయింది. తాడు బిగిసింది. మోకాళ్ల మీద లేచింది. ఒక కాలు పెట్టింది. జారింది. మునిగింది.

చెన్నయ్య తాడు లాగాడు. ముక్కులోంచి నీళ్లు కారుతుండగా లేచి వచ్చింది. నవ్వుతోంది.

రెండోసారి జారింది. మూడోసారి చెక్క ఒక పక్కకు, ఇది ఒక పక్కకు పోయాయి.

"చాలు. ఇంటికి పోయి ట్రంకు విప్పు" అన్నాను.

"పడితే అన్నావు నాయనా. ఎన్నిసార్లు పడితే అనేది చెప్పలేదు."

"అట్లయితే ఇప్పుడు చెప్తాండా. ఇంకొక్కసారి. అంతే."

దాని మొహంలో నవ్వు పోయింది. తడి కోక కొంగు పిండుకుంటూ చెక్క వైపే చూసింది. మొదటిసారి అది భయపడటం చూశాను. నీళ్లకు కాదు, నేను అన్న మాటకు. అన్నమాట నేను వెనక్కి తీసుకోను. ఆ సంగతి దానికి తెలుసు.

చెన్నయ్య చెక్క మీద అరచెయ్యి పెట్టి తోశాడు. చెయ్యి సర్రున అంచు దాకా పోయింది.

"ఏం పూసినావప్పా దీనికి?"

"వార్నీషు. మూడు పూతలు. పెట్టె మూతలకు వేసేదే."

"దీని మీద ఈగ గూడా నిలబడదు."

నిజమే. నేను చేసిన మూతల మీద ఇంతవరకు ఎవరూ నిలబడలేదు. జారుతుందని ఎవరూ వచ్చి చెప్పలేదు.

చెన్నయ్య తన సంచిలోంచి ముద్ద మైనం తీశాడు. ఆ పొద్దు ఆళ్లగడ్డలో అమ్మాలని తెచ్చుకున్నది. "తేనెపట్టు పిండినాక మిగిలేది. మా తాళ్లకు ఇదే రుద్దుతాం. పట్టు జారదు." చెక్క పైవైపంతా గరగరా రుద్దాడు. నా మెరుపంతా పోయింది. మచ్చలు మచ్చలుగా తయారైంది. యోబు కూడా చక్రం దగ్గరి నుంచి దిగి వచ్చి ఒక మూల రుద్దాడు. నేను ఇంకో మూల రుద్దాను.

నాలుగోసారి. పడుకుని పోయింది. మోకాళ్లు. ఒక కాలు. అంటుకుంది. రెండో కాలు.

లేచి నిలబడింది.

చేతులు చాపింది, బొమ్మలో మనిషిలాగే. కింద కాలవంతా ఉరుకుతోంది. నా కూతురు ఉన్నచోటే ఉంది. తడి జుట్టు, గోచి కట్టు, నోరంతా నవ్వు. "నాయనా! నాయనా! చూస్తాండావా!" అని అరుస్తోంది.

"ఇంకా ఎత్తురా యోబూ!" అన్నాను. "ఇంకో జానెడు!"

అతను చక్రం మీద చెయ్యి వేసి, తిప్పడం మర్చిపోయి నన్నే చూస్తున్నాడు.

"నా మొగమేం జూస్తాండావ్? ఎత్తు!"

ఎత్తాడు. అల ఇంకో జానెడు లేచింది. దానితో పాటు ప్రసన్న లేచింది. పదహారు లెక్కపెట్టాను. పదిహేడుకు వెల్లకిలా పడింది. ముగ్గురం కలిసి తాడు లాగాం. అది గట్టెక్కాక కూడా ముగ్గురం లాగుతూనే ఉన్నాం.

అదే రోజు మధ్యాహ్నం బస్సు. రాత్రికి నంద్యాలలో రైలు. జొన్నరొట్టెలు ఇరవై కట్టాను. నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి డబ్బాలో పెట్టాను. కూజా నిండా మంచినీళ్లు పోశాను.

"సముద్రానికి నీళ్లు మోసుకపోయేదేంది నాయనా?"

"ఆ నీళ్లు తాగి చూడు, తెలుస్తాది."

మిగిలిన మైనం గుడ్డలో చుట్టి ట్రంకులో వేశాను. చెక్కకు దెబ్బ తగలకూడదు. తెల్ల మిల్లుగుడ్డ నాలుగు గజాలు కొని తెచ్చాను. కింది నుంచి పైదాకా చుట్టాను. తల దగ్గర ఒక ముడి, నడుము దగ్గర ఒక ముడి, కాళ్ల దగ్గర ఒక ముడి. ఆరడుగులదాన్ని కట్టడం నాకు ఒక్క రకంగానే వచ్చు. కట్టేటప్పుడు అందులో తప్పేమీ కనపడలేదు.

బస్టాండులో ముందు నేను, వెనక యోబు పట్టుకుని నడుస్తున్నాం. ఇద్దరు మగవాళ్లు బీడీలు పారేసి లేచి నిలబడ్డారు. జామకాయలు అమ్మే గోవిందమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కండక్టరు తలుపుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "శవాన్ని ఎక్కించేకి లేదప్పా. జీపు మాట్లాడుకో."

"శవం గాదు, చెక్క."

"ఎవరిది?"

"నా కూతురిది."

"అయ్యో నా తల్లీ!" అని గోవిందమ్మ గొల్లుమంది. "ప్రసన్నమ్మనా! మొన్న గదా నా దగ్గర కాయలు తీసుకునింది! బంగారట్లాంటి బిడ్డ!"

"నేను ఈడనే ఉండానవ్వా" అంది ప్రసన్న, ట్రంకు నెత్తిన పెట్టుకుని ఆమె వెనకాలే.

గోవిందమ్మ తిరిగి చూసి జామకాయల గంప మీద కూలబడింది. కండక్టరు ముడి విప్పమన్నాడు. తల దగ్గరి ముడి విప్పాను. వేళ్లతో టకటకా కొట్టి చూశాడు.

"ఏంటికిది?"

"సముద్రం మీద నిలబడేకి" అంది ప్రసన్న.

బస్సంతా గొల్లున నవ్వింది. కండక్టరు కడుపు పట్టుకున్నాడు. గోవిందమ్మ లేచి, ఏడుపు వృథా చేసినందుకు నన్ను నాలుగు తిట్టి, దారిలో తినమని ప్రసన్న ఒళ్లో రెండు కాయలు పడేసింది. నేనూ నవ్వాను. ఆపుకోవడం చేతకాలేదు.

నంద్యాల స్టేషనులో ఏడుగురు టీచరమ్మలు పెట్టెలతో, పిల్లలకంటే ఎక్కువ అల్లరితో ఉన్నారు. చెక్కను నిలువుగా లోపలికి ఎక్కించి బెంచీల కింద పరిచాం. ఒకామె దాని మీద చెప్పుల కాలు పెట్టింది. ప్రసన్న తీయించింది. రైలు కదులుతుంటే కిటికీ చువ్వల్లోంచి ఎనిమిది చేతులు ఊగాయి. దాని చెయ్యి ఏదో నాకు తెలిసింది. వేళ్ల మధ్య ఇంకా మైనం ఉంది.

మేమిద్దరం ప్లాట్‌ఫారం మీద మిగిలాం.

"బావా, టీ తాగుదామా?" అన్నాడు యోబు.

"నాకొద్దు."

అయినా రెండు చెప్పాడు. తనది తాగాడు. నాది బల్ల మీద చల్లారుతోంది. పారబోయడం నాకు నచ్చదు. తాగాను.

"ఆడ పెద్ద అలలు ఉంటాయంటావా బావా?"

"ఉండకపోతే, వచ్చేదాకా అది తిరిగి రైలెక్కదు" అన్నాను.