ఇరవై మూడు స్పీడ్ బ్రేకర్లు

పదకొండో నంబరు రూటులో మొత్తం ఇరవై మూడు స్పీడ్ బ్రేకర్లున్నాయి. ఈ లెక్క రోడ్డు వేసినవాళ్ళకి తెలుసో లేదో గానీ, డ్రైవరమ్మకి మాత్రం కంఠతా వచ్చు. పిల్లది పుట్టకముందు ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేది. ఇప్పుడు ఒక్కొక్కదాని దగ్గరా ప్రాణం పోయి వస్తోంది. బస్సు ఎగిరి పడ్డప్పుడల్లా ఆవిడకి కాస్త మూత్రం జారిపోతోంది మరి. ఈ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. అయిదు నెలల కిందట మూడున్నర కిలోల పిల్లని కన్న మనిషికి అలా జరగడంలో వింతేముంది? దాన్ని దాచుకోవడంతోనే అసలు తిప్పలన్నీ మొదలయ్యాయి.

ప్రసూతి సెలవు అయ్యాక మళ్ళీ స్టీరింగు పట్టాలంటే ఆ డిపోలో ట్రయల్ ఉంటుంది. నిజమైన ప్రయాణికులతో రెండు గంటల పూర్తి రూటు, వెనకాలే చెకింగ్ ఇన్‌స్పెక్టరు. చెవిమీద ఎప్పుడూ పెన్సిలుంటుంది కాబట్టి డిపో అంతా ఆయన్ని పెన్సిలు గారనే అంటుంది. ముందురోజు సాయంత్రం నుంచీ డ్రైవరమ్మ గుక్కెడు నీళ్ళు తాగలేదు. నల్ల ప్యాంటు వేసుకుంది, లోపల రెండు ప్యాడ్లు పెట్టుకుంది. అయినా మూడో స్పీడ్ బ్రేకర్‌కే తడి తెలిసింది. ఇక అక్కణ్ణుంచి పళ్ళు బిగబట్టి నడిపింది.

డిపోకి చేరాక పెన్సిలు గారు ఆవిడ వంక అదోలా చూశాడు. "ఏమమ్మా, బ్రేకు మీద పగబట్టావా? తొమ్మిదేళ్ళ సర్వీసు నీది! ఇవాళ ఒకావిడ వచ్చి నా ఒళ్ళో పడబోయింది."

"అలవాటు తప్పిందండీ."

"ఆరు వారాలు టైమిస్తున్నా. అప్పటికీ ఇంతే అయితే, పోయిన వస్తువుల కిటికీ దగ్గర కూర్చుందువుగాని."

ఆ కిటికీ వెనక ఏముంటాయో డ్రైవరమ్మకి తెలుసు. విరిగిన గొడుగులు, ఒంటి చెప్పులు, ఎవరివో కట్టుడు పళ్ళు. పదకొండో నంబరు ఆవిడ పోట్లాడి సంపాదించుకున్న రూటు. దాన్ని వదులుకుని పళ్ళసెట్టుకి కాపలా కాయడమా?

ఇంట్లో కాలు నిలవలేదు. వంటగదిలోంచి వరండాలోకి, వరండాలోంచి మళ్ళీ వంటగదిలోకి. అత్తగారు కూరగాయలు తరుగుతూ చూస్తోంది. ముప్పై ఏళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను తొక్కిన మనిషి. మాట నోట్లో ఆగదు.

"ఏమిటే, కాలుకాలిన పిల్లిలా ఆ తిరుగుడు? కూర్చో."

"కూర్చోలేనత్తయ్యా."

ఎందుకు కూర్చోలేకపోతోందో చెప్పింది. చెప్పాక ఏడుపొచ్చింది. అత్తగారు కత్తి పక్కన పెట్టింది.

"ఓసి పిచ్చిదానా, ఇంతేనా! పిల్లల్ని కన్నవాళ్ళకి ఇది మామూలే. నీళ్ళు తగ్గించు, ముదురు రంగు బట్టలు వేసుకో, నోరు మూసుకో. లోకమంతా అలాగే నెట్టుకొస్తోంది."

అని, మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మోకాళ్ళ పుణ్యమా అని అత్తగారు వీధి చివరి కొట్టు దాటి ఎన్నేళ్ళయిందో. పెళ్ళికి పిలిస్తే మోకాళ్ళు, సినిమాకి రమ్మంటే మోకాళ్ళు. కోడలు తొమ్మిదేళ్ళుగా బస్సు నడుపుతున్నా ఒక్కసారి ఎక్కిన పాపాన పోలేదు.

మొగుడు ఎలక్ట్రీషియను. విషయం విని నిమిషం ఆలోచించాడు. "ఎక్కడ లీకవుతోందో చూడకుండా పైపైన టేపు చుడితే ఎలాగే? తెలిసినవాళ్ళకి చూపిద్దాం" అన్నాడు. డ్రైవరమ్మ దిండు విసిరింది. కానీ మర్నాడు పిల్లదాన్ని ఎత్తుకుని ఆస్పత్రిలో లైనులో నిలబడి టోకెను తెచ్చింది అతనే.

అక్కడున్న ఫిజియోథెరపిస్టు డ్రైవరమ్మ కంటే చిన్నది. ప్రసవం తర్వాత వదులయ్యే కండరాలకి, అంటే పెల్విక్ ఫ్లోర్‌కి, వైద్యం చేయడమే ఆ అమ్మాయి పని. మూత్రసంచినీ గర్భసంచినీ కింద నుంచి ఊయలలా మోసే కండరాలవి.

"ప్రసవమయ్యాక వ్యాయామం కాగితం ఇచ్చారా? చేస్తున్నారా?"

"చేయకేం! రోజుకి మూడొందలు."

రాస్తున్న పెన్ను ఆగిపోయింది. "ఎన్నీ?"

"కాగితంలో పూటకి పది అన్నారు. అది నాకేం సరిపోతుంది? ట్రయల్‌కి ముందు వారం రోజులు డిపోవాళ్ళు ఖాళీ బస్సుతో రూటు మీద ప్రాక్టీసు ఇచ్చారుగా, ఎర్ర లైటు పడితే పది బిగింపులు, స్టాపులో పది, స్పీడ్ బ్రేకర్ కనిపించగానే గట్టిగా బిగించి ఉంచడం. ఇంట్లో గిన్నెలు తోముతూ కూడా."

ఫిజియో అమ్మాయి నవ్వలేదు. అనుమతి అడిగి పరీక్ష చేసింది. తర్వాత ఒక కుర్చీ లాగింది.

"ఇది మీ సీటనుకోండి. నడపండి."

డ్రైవరమ్మకి తిక్క రేగింది గానీ కూర్చుంది. గాలిలో స్టీరింగు తిప్పింది. అమ్మాయి ఆవిడ పొట్టమీద చెయ్యి ఆనించి, "స్పీడ్ బ్రేకర్!" అంది. డ్రైవరమ్మ కుడికాలు దబ్బున నేలని తన్నింది. దవడ బిగుసుకుంది. ఊపిరి ఆగింది.

"చూశారా? బ్రేకు తొక్కినప్పుడల్లా కింద బిగిస్తున్నారు, ఊపిరీ బిగబడుతున్నారు. దాంతో కాలు కూడా కొయ్యబారిపోతోంది. మీకు బలం లేక కాదండీ, బిగించింది వదలడం లేదు. ఇప్పుడు పరీక్ష చేసినప్పుడు కూడా బిగిసే ఉంది. హ్యాండ్ బ్రేకు వేసి బండి నడిపితే ఏమవుతుంది?"

"ఏమవుతుందేమిటి, బ్రేకు లైనింగు కాలిపోతుంది. తీరా కావలసినప్పుడు బ్రేకు పట్ట..."

వెనక సీట్లో ఒకావిడ పెన్సిలు గారి ఒళ్ళో పడబోవడమూ, తన బట్టలు తడవడమూ, రెండింటికీ మూలం ఒకటేనన్నమాట! అయిదు నెలలు ఎంత శ్రద్ధగా, ఎంత కష్టపడి చెడగొట్టుకుంది!

రెండు వారాలు బిగింపులు బంద్, నీళ్ళు మామూలుగా తాగాలి, నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా గిల్లుతుంది అని చెప్పింది అమ్మాయి. రోజుకి రెండుసార్లు వెల్లకిలా పడుకుని, కాళ్ళు కుర్చీమీద పెట్టి, పొట్ట నిండా గాలి పీల్చి అన్నీ వదిలేయమంది. ఏ పనీ చేయకపోవడమే పని! డ్రైవరమ్మకి ఇంతకంటే శిక్ష లేదు. ట్రయల్ మీద పడుతోంటే నేలమీద పడుకుని పైకప్పు చూడమంటుందేమిటి ఈ పిల్ల? రెండు నిమిషాలకోసారి లేచి గడియారం చూసేది. మళ్ళీ పడుకునేది. పాదాలు వాటంతటవే లేని బ్రేకుని వెతుక్కునేవి.

"ఇదా మీ వైద్యం? పడుకుని గాలి పీల్చడమా?" అని అత్తగారు గుమ్మంలోంచి దెప్పేది. దెప్పడం దెప్పడమే గానీ, రోజూ సరిగ్గా ఆ వేళకే బట్టలు మడతపెట్టే వంకతో వచ్చి గుమ్మంలో చేరగిలబడేది. ఒకరోజు డ్రైవరమ్మ తల తిప్పి చూసేసరికి అత్తగారి కళ్ళు మూసి ఉన్నాయి, పొట్ట నెమ్మదిగా లేస్తూ దిగుతూ ఉంది. నిద్రపోతోంది కాబోలనుకుంది.

మూడోవారం నుంచి అమ్మాయి కొత్త పాఠం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేముందు కండరాన్ని పైకి లాగాలి, దగ్గాక పూర్తిగా వదలాలి. ఊపిరి మాత్రం ఆపకూడదు. కుర్చీలో కూర్చుని బ్రేకు తొక్కుతూ ఊపిరి వదలడం డ్రైవరమ్మ వందసార్లు నేర్చుకుంది. తడి తగ్గింది. పూర్తిగా పోలేదు. ఆరు వారాలు మాత్రం అయిపోయాయి.

రెండో ట్రయల్ రోజున రెండు గ్లాసుల నీళ్ళు తాగి మరీ సీటెక్కింది. మొదటి ఎనిమిది స్పీడ్ బ్రేకర్లు పొడిగానే దాటింది. తొమ్మిదో దాని దగ్గర రెండు చుక్కలు. పోతేపోనీ అనుకుని ఊపిరి వదిలింది. పదిహేడు దాటగానే బస్సు ఆగిపోయింది. ముందు రోడ్డుమీద నీళ్ళ పైపు పగిలి, ఆకాశమంత ఎత్తున జలజలమని చిమ్ముతోంది! ఇరవై నిమిషాలు ఆ చప్పుడు వింటూ ఆవిడ అక్కడ కూర్చోవాలి. ఏం చెప్పమంటారు ఆ తల్లి అవస్థ? నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అర్జంటు ముంచుకొచ్చింది. పాత అలవాటున దవడ బిగుసుకోబోయింది. బలవంతాన వదిలింది. పొట్ట వదిలింది. ముంచుకొచ్చింది కాస్తా మెల్లగా వెనక్కి తగ్గింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది.

దారి ఖాళీ అయ్యింది. ఇంకా ఆరు స్పీడ్ బ్రేకర్లు. మళ్ళీ పళ్ళు బిగబట్టి లాగించేయొచ్చు, కానీ బస్సు నిండా జనం నిలబడి ఉన్నారు, కుడికాలు అప్పుడే కొయ్యబారుతోంది. వాళ్ళు పడితే? లైబ్రరీ స్టాపులో బస్సు పక్కకి తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, ఆవిడ వెనక్కి తిరిగింది.

"అయ్యా, అయిదు నిమిషాలు బస్సు ఆపుతున్నాను. నేను బాత్రూంకి వెళ్ళాలి. వెళ్ళకుండా నడిపితే బ్రేకు సరిగ్గా పడదు."

పెన్సిలు గారి చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. అంతా అయిపోయిందనుకుంది డ్రైవరమ్మ.

"నేనూ వస్తానమ్మా" అంటూ మూడో సీటులోంచి ఒక పెద్దావిడ లేచింది. ఆమె వెనక ఇంకొకామె. తర్వాత స్కూలు టీచరులా ఉన్న ఒకామె పుస్తకం మూసి లేచింది. మొత్తం ఏడుగురు దిగారు. లైబ్రరీ గుమ్మం దాకా ఆడవాళ్ళ వరస. పెన్సిలు గారు కిటికీలోంచి ఆ వరసని చివరిదాకా చూశాడు.

డిపోలో ఆయన కాగితంమీద చాలాసేపు రాశాడు.

"బ్రేకు వెన్నలా పడింది. రేపట్నుంచి నీ రూటు నీది. ఇంకోటి, పదకొండో నంబరుకి లైబ్రరీ దగ్గర అయిదు నిమిషాల హాల్టు పెట్టమని రాస్తున్నా. టైంటేబుల్లో లేకపోతే రేపు నిన్నే లేటంటారు."

డ్రైవరమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది, చంకలో పిల్లది. ట్రయల్ ఏమైందని అడగలేదు. కోడలి ముఖం చూసే అర్థమైపోయి ఉంటుంది.

"నీ బస్సు ఆ ఫిజియో అమ్మాయి ఆస్పత్రి మీదుగా పోతుందా?"

"పోతుందత్తయ్యా. ముప్పావుగంట. ఏం, మోకాళ్ళు చూపించుకుంటారా?"

అత్తగారు పిల్లదాని చొక్కా సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది.

"నా మోకాళ్ళకేమే, గుండ్రాళ్ళలా ఉన్నాయి. ఎప్పుడూ బాగానే ఉన్నాయి." గొంతు తగ్గిపోయింది. "దారిలో ఎక్కడైనా ఆపుతావా?"

డ్రైవరమ్మకి అప్పుడు తెలిసింది, ఇన్నేళ్ళుగా ఆ మనిషి వీధి చివర దాటకపోవడానికి కారణం.

"ఆపుతానత్తయ్యా. అయిదు నిమిషాలు. టైంటేబుల్లోనే ఉంటుంది."