రాత్రి మేత

హైకోర్టు తీర్పు వచ్చిన మర్నాడే జంగమకోటె బస్టాపు దగ్గర మునియప్ప ఫ్లెక్స్ కట్టించాడు. అందులో కూతురు రూప ఫోటో, కింద డాక్టర్ రూపకు అభినందనలని కన్నడంలో పెద్ద అక్షరాలు. బస్సు దిగిన రూప అటు చూడకుండా గబగబా ఇంటికి నడిచింది.

డాక్టరేట్ ఇంకా రాలేదని తండ్రికి ఫోనులోనే చెప్పింది. థీసిస్ మంచిదా కాదా అన్నది చదువుకున్న పరీక్షకులు తేల్చాలి, మేం కాదు అని జడ్జి స్పష్టంగానే అన్నారు. కానీ ఆ అమ్మాయి మాట వినకుండా తిరస్కరించడం తప్పు, కమిటీ ముందుకు పిలిచి విని, మళ్లీ నిర్ణయించండి అని విశ్వవిద్యాలయానికి చెప్పారు. అంతవరకే. మునియప్ప లెక్కలో మాత్రం కోర్టు అవతలివాళ్లను తప్పుపట్టిందంటే మనం గెలిచినట్టే.

రూప పరిశోధన పట్టుపురుగుల మీద. ఇంటి వెనక పురుగుల ఇంట్లోనే చేసింది. పురుగుల తట్టల్లో సగానికి రోజులోని అన్ని మేతలూ వేయాలి. ఎర్రదారం కట్టిన తట్టలకు రాత్రి మేత మానేయాలి. చివరికి రెండు రకాల తట్టల్లోని పట్టుగూళ్లూ ఒకే బరువు తూగాయి. రాత్రి మేత మానినా రైతుకు నష్టం లేదని రూప సంతోషంగా రాసుకుంది. పరీక్షకులు తమ దగ్గర చేయించి చూస్తే, రాత్రి మేత మానిన గూళ్లు బరువు తగ్గాయి. ఈ అంకెలు నమ్మలేమని థీసిస్‌ను తిప్పికొట్టారు.

రూప ఒక్క అంకె కూడా మార్చలేదు. గూళ్లు తూచింది గైడ్ యశోదమ్మ మేడం. అందుకని ఆమే తన పేరు కోసం తూకాలు మార్చి ఉంటుందని లాయరు పిటిషన్‌లో రాశాడు. ఆ వాక్యాన్ని రూప రెండుసార్లు చదివింది. తర్వాత సంతకం పెట్టింది. జడ్జి ఆ నింద జోలికి పోలేదు. అది మాత్రం ఊరికే పోలేదు. విశ్వవిద్యాలయం వాళ్లు మేడంకు కొత్త విద్యార్థుల్ని ఇవ్వడం ఆపేశారు. చింతామణి ఊళ్లో ఆమె ఇంటి వీధిలో కూడా ఆ మాటే చెప్పుకుంటున్నారని రూప విన్నది.

ఇంట్లో పక్కింటి ఆడవాళ్లు చేరి ఉన్నారు. రూపను చూసి వాళ్లలో పెద్దావిడ కెంపమ్మ నవ్వింది.

"ఇంక నా మోకాళ్లకి చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి పోయే పని లేదు. డాక్టరమ్మ మన వీధిలోనే ఉండాది."

అందరూ నవ్వారు. తల్లి అక్కయమ్మ కాఫీ లోటాలు అందిస్తూ, ఇదంతా పురుగుల పుణ్యమంది.

"ఆ మేడం ఎర్రదారం తట్టలకి రాత్రి మేత వద్దనింది. మనం తిని పండుకోని, నోర్లేని జీవాల్ని మాడ్చేదా? నేనే లేచి పోయి ఆకేసొచ్చేదాన్ని. అందుకే నా బిడ్డ చదువుకి వాటి ఉసురు తగల్లేదు."

ఆడవాళ్లు తలలూపారు. పురుగులకు వేశాకే మనుషులు తినే ఇళ్లు వాళ్లవి. ఆ మాటలో తప్పేముందో వాళ్లెవరికీ తట్టలేదు.

రూపకు చేతిలో లోటా కాలుతున్నట్టు కూడా తెలియలేదు.

"రోజూ ఏసినావామ్మా?"

"రోజూ ఏసినా. నువ్వు అలిసిపోయి నిద్దరపోతాంటివి, లేపేదెందుకని."

తెల్లవారి ఆ తట్టల్లో ఆకు కాడలు కనిపించేవి. సాయంత్రం మేతలో మిగిలినవేలే అనుకుని, రాత్రి మేత లేదు అని రాసేసేది రూప. ఒక్కరోజూ అడగలేదు. తను చూడని దాన్ని చూసినట్టు రాసి, చూసి తూచిన మనిషిని దొంగను చేసింది.

ఆడవాళ్లు వెళ్లాక తండ్రికి విషయం చెప్పింది. కమిటీ ముందు కూడా చెప్తానంది. మునియప్ప వీధి తలుపు మూసి వచ్చాడు.

"కోర్టు ఇచ్చినంక నువ్వే పోయి చెడగొట్టుకుంటావా? ఆ యమ్మకి ఉద్యోగమేం పోలేదు గదా. గమ్మునుండు. ఊర్లో నా మొగం యాడ పెట్టుకునేది?"

అక్కయమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి అంతా వింది. నేనేం చెడు చేసినా అని మెల్లగా అడిగింది. ఆమె అడిగింది మొగుణ్నో కూతుర్నో తెలియలేదు.

కమిటీ రోజు మునియప్ప, లాయరు బయట బెంచీ మీద కూర్చున్నారు. లోపల బల్లకు ఒక చివర యశోదమ్మ మేడం ఉన్నారు. బాగా చిక్కిపోయారు. రూప నమస్కారం పెడితే బల్ల మీది కాగితాలు సర్దుకున్నారు.

రూప జరిగింది చెప్పింది. మేత ఎవరు వేశారని అధ్యక్షుడు అడిగాడు.

"మా ఇంట్లో వేశారు సార్. వాళ్లకు ఇదంతా తెలియదు. కనిపెట్టుకుని ఉండాల్సింది నేను. చూడకుండానే మేత లేదని రాశాను."

మేడం మొదటిసారి నోరు తెరిచారు. "రోజూనా?"

"రోజూ, మేడం."

మేడం అధ్యక్షుడి వైపు తిరిగి, థీసిస్ తిప్పికొట్టాక తక్కెడలోనే లోపముందేమోనని తాను దాన్ని మార్పించానని, ఆ గూళ్లు పాడవకుండా ఉన్నన్నాళ్లూ తూచి తూచి చూసుకున్నానని చెప్పారు.

ఈ మాటతో థీసిస్ నిలవదు, తెలుసా అని అధ్యక్షుడు రూపను అడిగాడు. తెలుసంది. మేడం మీద రాసింది అబద్ధమని, దాన్ని వాపసు తీసుకుంటానని తల వంచుకునే అంది.

రాసుకుంటున్న గుమాస్తాకు సరిగా వినబడలేదు. చివరి మాట మరోసారి చెప్పమన్నాడు.

ఈసారి మేడం ముఖం చూసి చెప్పాలని రూప తలెత్తింది. ఆమె అప్పటికే కిటికీ వైపు తిరిగి ఉన్నారు. బయట బెంచీ దాకా వినబడేంత గట్టిగా, తిరిగి ఉన్న ఆ మనిషి వీపుకే రూప ఆ మాట మళ్లీ చెప్పింది.