పదకొండు అంకెల మౌనం

ఆ ఏడు జూన్‌లో హాలు వాళ్ళు ఒక కాగితం రాసి సంతకాలు పెట్టారు. ఆగస్టులో జరిగే ఛాంపియన్‌షిప్‌లో మా మేళం మొదటి పన్నెండింటిలో ఉంటే ఇంకో ఏడాది నడుస్తుంది. లేకపోతే బాకాలు, డ్రమ్ములు, బట్టలు అన్నీ గదిలో పెట్టి తాళం వేసేస్తారు. అంతకుముందు ఏడు మాది పద్నాలుగో స్థానం.

హాలంటే మా ఊళ్ళో యుద్ధాలకు వెళ్ళొచ్చినవాళ్ళ సంఘం. మేళం పెట్టింది వాళ్ళే. పద్నాలుగేళ్ళ పిల్లల దగ్గర్నుంచి ఇరవై ఒకటి నిండనివాళ్ళ దాకా ఉంటారు. వేసవంతా బస్సుల్లో తిరుగుతారు, స్కూలు జిమ్ముల్లో నేల మీద పడుకుంటారు, ఫుట్‌బాల్ మైదానాల్లో నడుస్తూ వాయిస్తారు. నేను డ్రమ్ముల లారీ తోలేవాణ్ణి. పగిలిన డ్రమ్ము చర్మాలు మార్చేవాణ్ణి.

పాట కట్టేది నార్బర్ట్ జీల్కె. కాగితం మిల్లులో పని. వయసు నలభై నాలుగు. మిల్లులో సెలవు పెట్టి పిల్లల వెంట తిరిగేవాడు. హాలు వాళ్ళ కాగితం చూశాక అతను పాత పాటలన్నీ తీసేశాడు. కొత్తది ఒకటి రాశాడు. మిల్లులో పెద్ద మిషను ఆగిపోవడం గురించి.

మా ఊళ్ళో పుట్టినవాళ్ళకు అది తెలుసు. ఆ మిషను పగలూ రాత్రీ నడుస్తుంది. దాని మోత ఎవరికీ వినపడదు. ఆగినప్పుడే వినపడుతుంది. నిద్రలో ఉన్నవాళ్ళు లేచి కూర్చుంటారు, ఇవాళ ఎవరి చెయ్యి పోయిందో అని.

నార్బర్ట్ దాన్నే పాటగా కట్టాడు. డ్రమ్ములు మిషనులాగా నడుస్తాయి. బాకాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. మైదానమంతా తిరుగుతున్న నూటపాతిక మంది ఒక్కసారిగా ఆగిపోతారు. పదకొండు అంకెలు లెక్కపెట్టేదాకా చప్పుడు ఉండదు. ఎదురుగా నిలబడి చేతులూపే అమ్మాయి కూడా చేతులు దించేస్తుంది. ఎవరి లెక్క వాళ్ళదే, లోపల. పన్నెండో అంకెకు అందరూ ఒకే అడుగు వేసి, ఒకే ఊపిరితో మళ్ళీ అందుకోవాలి. అందుకునేది కూడా తేలికైన వరస కాదు. కోసినట్టుంటుంది చెవికి.

"ఇది జనానికి ఎక్కుతుందా మేష్టారూ?" అని అడిగాడు డ్వేన్, పెద్ద డ్రమ్ము కుర్రాడు.

"జడ్జీలకు ఎక్కాలి. పన్నెండులోకి తోసేది వాళ్ళే. జనం కాదు."

"మా అమ్మ వింటే ఇంకెప్పుడు మొదలవుద్దిరా అంటుంది."

"మీ అమ్మ జడ్జీ అయితే అప్పుడు చూద్దాం. డ్రమ్ము కర్రలు పట్టుకో."

జూన్ నెలంతా నేర్చుకున్నారు. ఆ మౌనం తర్వాత తప్పు రాకుండా ఉన్నది మొదటిసారి జూన్ ఇరవై ఎనిమిదిన. మా మేళాల్లో తప్పుకి విలువ ఉంటుంది. జడ్జీలు రాసే అట్టా పెన్సిలూ పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ తప్పు విన్నప్పుడల్లా ఒక గీత గీస్తారు. ఒక్కో గీతకు మార్కులో పదోవంతు పోతుంది. చేతిలో చిన్న రికార్డరు పెట్టుకుని దాంట్లో మాట్లాడతారు కూడా. తర్వాత ఆ టేపు మాకిస్తారు.

జులైలో ఊళ్ళు తిరిగాం. పక్క రాష్ట్రాలు అయోవా, ఇల్లినాయి, మళ్ళీ అయోవా. జనం చప్పట్లు కొట్టలేదు. మౌనం రాగానే పాట అయిపోయిందనుకుని లేచి మొక్కజొన్న పేలాలు కొనుక్కోవడానికి వెళ్ళేవాళ్ళు. ఒకచోట ఆ పదకొండు అంకెల్లో వెనక వరసలోంచి ఎవడో పెద్దగా ఆవులించాడు. మైదానమంతా వినపడింది. పిల్లల మెడలు ఎర్రబడ్డాయి. కదలకూడదు గనుక కదల్లేదు.

మార్కులు మాత్రం పెరుగుతూ వచ్చాయి. నూటికి అరవై నాలుగు నుంచి డెబ్బై ఆరు. వేరే మేళాల వాళ్ళు మమ్మల్ని చూడ్డానికి కంచె దగ్గర నిలబడేవాళ్ళు. మేం పదమూడు, పన్నెండు, పదమూడు, అలా ఊగుతున్నాం. పిల్లలు ముగ్గురు ఇంటికెళ్ళిపోయారు. ఎండలో రోజుకు పన్నెండు గంటలు నడిచి, చివరికి ఆవులింత వింటే ఎవరికైనా విసుగే.

కొలీన్ వాఖోల్జ్ వెళ్ళలేదు. హెచ్చు స్వరం బాకాల్లో మొదటి పిల్ల. సెప్టెంబరుకు ఇరవై ఒకటి నిండుతాయి. ఆమెకు ఇదే ఆఖరు వేసవి. పెదవి చిట్లి రక్తం కారినా మైనం రాసుకుని వాయించేది.

జులై ఆఖర్లో మా ఊళ్ళో ప్రదర్శన. ముందు రోజు పొద్దున హాలు పెద్ద ఎల్రాయ్ స్టుబ్బె సాధనకు వచ్చాడు. నార్బర్ట్ నాన్నా అతనూ మిల్లులో ఒకే షిఫ్టు. పాట మొత్తం విన్నాడు. టోపీ తీసి మోకాలికి కొట్టుకున్నాడు.

"ఒరేయ్ నార్బర్ట్, నలభై ఏళ్ళు విన్నాంరా ఆ మిషను గోల. పింఛను పుచ్చుకుని బయటపడ్డాం. ఇప్పుడు టిక్కెట్టు కొనుక్కుని మళ్ళీ వినాలా?"

"బాబాయ్, పన్నెండులోకి రావాలని రాసింది నువ్వే."

"రాశాను. కాదన్లేదు. కానీ రేపు మనూరు. మన ఆడాళ్ళు సాసేజీలు కాల్చి, బల్లలు వేసి, పాపం అంత చేస్తుంటే నువ్వు ఆ మొహాల మీద ఇది కొడతావా? మిల్లు వీధి కవాతు వాయించు. ఒక్క రేపటికి."

మిల్లు వీధి కవాతు మా మేళం పాత పాట. ఊళ్ళో పెళ్ళిళ్ళకూ, శవాల వెనకా కూడా అదే. మా పిల్లలు నడక నేర్చేనాటికే ఆ వరస ఈల వేస్తారు.

ఎల్రాయ్ వెళ్ళాక నార్బర్ట్ లారీ దగ్గరకు వచ్చాడు. నేను డ్రమ్ము చర్మం బిగిస్తున్నాను.

"నువ్వు ఏమంటావు ఆర్వో?"

నన్ను ఎవరూ ఏమీ అడగరు. నేను చెప్పను గనుక. అప్పుడు కంచె అవతల పిల్లలు నీళ్ళు తాగుతున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. అంతమంది పిల్లలు ఒకచోట ఉండి అంత చప్పుడు లేకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"కవాతు వాయించనీ," అన్నాను.

ఒక్క రోజులో కొత్త నడక నేర్పడం కుదరదు. అందుకని నార్బర్ట్ ఒక ఉపాయం చేశాడు. పాట మొదలంతా అదే. పదకొండు అంకెల మౌనమూ అదే. అడుగులూ, నిలబడే చోట్లూ, మలుపులూ ఏవీ మారలేదు. పన్నెండో అంకెకు మాత్రం కోసే వరస బదులు కవాతు ఎత్తుకోవాలి. కాళ్ళకు పాత దారి, పెదాలకు వేరే పాట. సాయంత్రానికల్లా కుదిరింది. కవాతు ఎలాగూ అందరికీ వచ్చిందే.

మా ఊరి ప్రదర్శన గురించి ఎక్కువ రాయను. మౌనం రాగానే జనం ఎప్పటిలాగే గుసగుసలాడారు. పన్నెండో అంకెకు కవాతు లేచింది. జనం కూడా లేచారు. మిల్లు మేనేజరు పెళ్ళాం బల్ల మీదకెక్కింది. ముసలాళ్ళు సెల్యూటు చేశారు. పిల్లలు నవ్వు ఆపుకోలేక స్వరాలు తప్పారు. మైదానం దిగాక డ్వేన్ ఏడ్చాడు, కర్రలు పట్టుకున్న చేతులతో మొహం కప్పుకుని.

"ఏంట్రా పెద్ద డ్రమ్మూ, చెమటా?" అంది కొలీన్.

"చెమటే. నీకేం పని?"

ఆ రోజు మార్కులు నాలుగు తగ్గాయి. ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున నార్బర్ట్ అందర్నీ కూర్చోబెట్టాడు. కవాతు అయిపోయింది, మళ్ళీ మన పాటే అన్నాడు. పిల్లలు నేల చూశారు.

"మేష్టారూ, అదే ఉంచుకోకూడదా?" అని అడిగింది కొలీన్. "జనం మమ్మల్ని చూశారు. నాకు తెలిసి మొదటిసారి చూశారు."

"ఉంచితే పదహారో స్థానం. మార్కులు చూశావుగా. పదహారైతే ఈ చిన్నపిల్లలకు వచ్చే ఏడు మేళం లేదు. నీకెలాగూ లేదనుకో."

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. అతనికీ తెలిసింది. కొలీన్ తలూపి బాకా తీసుకుంది.

రెండు వారాలు ఆ కోసే వరసే సాధన చేశారు. సాధనలో ఒక్కసారి కూడా తప్పు రాలేదు. కానీ బస్సులో, తిండి దగ్గర, బట్టలు ఉతుక్కునే చోట, ఎవరో ఒకరు కవాతు కూనిరాగం తీసేవాళ్ళు. నార్బర్ట్ వినేవాడు. కసురుకోలేదు. నేనూ విన్నాను.

ఛాంపియన్‌షిప్ మా ఊరికి రెండు రోజుల ప్రయాణం. పగలు అన్ని మేళాలూ వాయిస్తాయి. అందులో మొదటి పన్నెండు సాయంత్రం ఫైనల్లో మళ్ళీ వాయిస్తాయి. మధ్యాహ్నం రెండుంబావుకి మా వంతు. అప్పటికి మిగతావాళ్ళ మార్కులు చూస్తే మేం పన్నెండులో ఉండాలి. తప్పుల్లేకుండా వాయిస్తే పదకొండు కూడా కావచ్చు. నార్బర్ట్ మూడు రోజులుగా కాఫీ తప్ప ఏమీ తాగలేదు.

హాలు వాళ్ళు రెండు కార్లేసుకుని వచ్చారు. ఎల్రాయ్ ముందు వరసలో కూర్చున్నాడు, మేళం రంగు చొక్కా వేసుకుని.

నేను స్టేడియం మెట్ల కింద మైదానంలోకి వెళ్ళే సొరంగం దగ్గర నిలబడి చూశాను. ఆ రోజు వాయించినట్టు ఎప్పుడూ వాయించలేదు. మిషను నడిచింది. జడ్జీ డ్రమ్ముల ముందు వంగి నడుస్తున్నాడు, పెన్సిలు కదలడం లేదు. నార్బర్ట్ నా పక్కన నిలబడి చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

మిషను ఆగింది. అంత పెద్ద స్టేడియంలో ఎవరూ ఆవులించలేదు. ఎవరూ పేలాలకు లేవలేదు. ఇన్నాళ్ళకు జనం కూడా ఆగారు. నేను లోపల లెక్కపెట్టాను. తొమ్మిది. పది. పదకొండు.

అందరూ ఒకే అడుగు వేశారు. ఒక బాకా కవాతు ఎత్తుకుంది.

ఒక్కటే. స్పష్టంగా, పైనుంచి. మిగతావాళ్ళు కోసే వరసలో రెండు స్వరాలు వాయించారు. తర్వాత పక్క బాకా కవాతులోకి పోయింది. దాని పక్కది. డ్రమ్ములు నాలుగడుగుల దూరం పట్టుబట్టి మిషను దెబ్బే కొట్టాయి. కాళ్ళు మాత్రం ఎక్కడా తప్పలేదు. రెండు పాటలకూ వాటికి దారి ఒకటే. ఎనిమిదో అడుగుకు డ్రమ్ములు కూడా లొంగిపోయాయి. మైదానంలో ఉన్న అందరూ మిల్లు వీధి కవాతు వాయిస్తున్నారు.

జనం లేచారు. మా ఊరివాళ్ళు కాదు, ఎవరెవరో. ఆ కోసే మౌనంలోంచి ఆ తేలిక పాట రావడం కావాలనే చేశారనుకున్నారు. అరుపులకు నా చెవులు మూసుకుపోయాయి. అన్నేళ్ళలో మాకు అంత పెద్ద చప్పట్లు రాలేదు.

జడ్జీలు గీతలు గీస్తున్నారు. ముగ్గురూ. తల ఎత్తకుండా.



జాబితా నాలుగున్నరకు అంటించారు. పదమూడు. పన్నెండోవాళ్ళకూ మాకూ తేడా మూడు గీతలు. టేపు లారీలో విన్నాం, నేనూ నార్బర్ట్. జడ్జీ గొంతు ముసలిది. 'చాలా శుభ్రంగా ఉంది, చాలా శుభ్రం' అని ఉంది. తర్వాత మౌనం. తర్వాత ఆయన 'అయ్యో' అన్నాడు మెల్లగా. ఆ తర్వాత జనం అరుపులే, ఆయన మాట వినపడలేదు.

కొలీన్ లారీ మెట్టు దగ్గరకు వచ్చింది. మొహం కడుక్కుని వచ్చింది.

"నేనే మేష్టారూ."

"తెలుసు. నీ ఊపిరి నాకు తెలీదా?"

"పదకొండూ సరిగ్గానే లెక్కపెట్టాను. తర్వాత ఏది రావాలో పెదాలకు తెలీలేదు. జనం అంత నిశ్శబ్దంగా ఉంటే..." ఆగింది. "తిట్టండి."

నార్బర్ట్ తిట్టలేదు. తల నిమరలేదు. నన్ను చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. ఆ మాట చెప్పాల్సింది అప్పుడే, ఆ పిల్లకు, కవాతు పెట్టమన్నది నేనని. చెప్పలేదు.

అప్పుడు ఎల్రాయ్ వచ్చాడు. గొంతు పోయింది, అరిచి అరిచి. కళ్ళ నిండా నీళ్ళు.

"చూశావురా? చూశావా? పరాయి ఊరు జనం లేచారు మన పాటకు. మీ నాన్న ఉండి ఉంటే..." నార్బర్ట్‌ని కావలించుకున్నాడు. "ఎంత గుట్టుగా దాచావురా. మాతో ఒక్క మాట అన్లేదే."

"అది తప్పు బాబాయ్."

"ఏది తప్పు?"

"కవాతు. పొరపాటున వచ్చింది. జాబితా చూళ్ళేదా? పదమూడు."

ఎల్రాయ్ చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి.

"పదమూడేంటి? అంత అరిచాం కదా."

"మీ అరుపులకు మార్కుల్లేవు."

నార్బర్ట్ గొంతు తగ్గించాడు. "బాబాయ్, ఆ కాగితం చించెయ్. నిన్ను అడుక్కుంటున్నాను. మూడు గీతలు. నువ్వే లేచి నిలబడ్డావు కదా ఆ పిల్లలకోసం."

"నా ఒక్కడిదా అది? పదకొండు మంది సంతకాలు. హాలు కప్పు కారుతోంది, మేళం డబ్బు దానికి పెట్టాలని అందరూ చూస్తున్నారు. ఎప్పుడు వంక దొరుకుతుందా అని." టోపీ తీసి చేత్తో నలిపాడు. "నేను అడుగుతాను. అడగనని కాదు. అయ్యేది కాదురా."

"సరే."

"సరే అనకు."

"మరేమనను?"

మా మేళాల్లో ఆఖరి ప్రదర్శన అయిన రోజే బట్టలు అప్పజెప్పెయ్యాలి. అవి హాలువి. మామూలుగా నేను తీసుకుని పెట్టెల్లో పెడతాను. ఆ రోజు పిల్లలు వరస కట్టి వచ్చేసరికి ఎల్రాయ్ లారీ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముందు వచ్చిన చిన్న పిల్ల ఎవరికివ్వాలో తెలీక తన ఈక టోపీ ఆయన చేతుల్లో పెట్టింది. "థాంక్సండీ," అంది. వెనకవాడూ పెట్టాడు. వాడి వెనక పిల్లా. నేను పెట్టె దగ్గరకు లాగాను గాని ఆయన పెట్టెలో వెయ్యలేదు. ఒళ్ళో పెట్టుకుంటున్నాడు. ఒళ్ళు నిండింది. మెట్టు మీద పెట్టుకున్నాడు. ఈకలు గడ్డానికి తగులుతున్నాయి.

అవతల స్టేడియంలో ఫైనలు మొదలవుతోందని మైకులో చెబుతున్నారు. మా పిల్లల్లో ఒక్కరూ అటు తిరగలేదు.

"ఇంకా ఎంతమంది ఉన్నారయ్యా ఆర్వో?" అని అడిగాడు ఎల్రాయ్, తలెత్తకుండా.

"చాలామంది," అన్నాను.