తడి సున్నము

ఆషాఢమేఘములు మూడు దినములనుండి సూర్యబింబమును మ్రింగి, ముసురుగాలులచే జగమెల్ల దడిపి, ప్రాతఃకాలమునకును సాయంసంధ్యకును భేదము తెలియనీయక సముద్రతీరముననున్న కేసరవరపు కోటపై వ్రేలాడుచుండెను. వాన తెరపిచ్చిన నాల్గవనాటి యుదయమున, శతవర్షజీర్ణమై పూత రాలి యెఱ్ఱని యిటుకలు బయటపడిన సింహద్వారపు గోడకు సున్నము వేయుచు మాటిమాటికి నాకాశమువంక జూచుచున్న ముదుసలి పేరు పోలన్న.

అతని యేకైకపుత్రుడు గవరయ్య రాజుగారి యేనుగునకు మేత యాలస్యముగా దెచ్చిన నేరమున ఠాణాలో నుండెను. ఏనుగున కాకలి వేసెనో లేదో యెవరును విచారింపలేదు. "మధ్యాహ్నమున బ్రభువుల పల్లకి వచ్చుసరికి గోడ తెల్లనైయున్న నీ కొడుకును విడుతుము, కాదేని సముద్రమున కావలనున్న రంగమునకు నేటి యోడలోనే పంపుదుము" అని దివానుగా రానతిచ్చిరి. రంగమునకు బోయి మరలి వచ్చినవా డా యూర నొక్కడును లేడు.

తడిసున్నము నీటివలె నుండి క్రింది యెఱుపును దాచదు. ఆఱిన పిమ్మటగాని తెలుపు పుట్టదు. నలువదియేండ్లుగా నెందఱికో యీ మాట చెప్పిన పోలన్నయే పుత్రవియోగభీతిచే నాడు దానిని మఱచి, ఎఱుపు కనబడినచోటనెల్ల మఱల మఱల గుంచె రాచెను. ఆఱబోవు గోడ మఱల దడిసెను.

భార్య నూకాలు సున్నపుకుండను వెనుకకు లాగి, "ఇంక సెయ్యాపు మావా! తడి మీద తడేస్తే తెల్లబడతాదేటి? ఒగ్గెయ్, ఆరనీ!" అని యేడ్చెను.

"ఊరుకుంటే ఆడు పోతాడే నూకీ!" అని పోలన్న కుండను మఱల లాగికొనెను. చేయి యాపిన కొడుకు పోవునను భయమునకును, ఆపకున్న గోడ యాఱదను నిజమునకును నడుమ నా వృద్ధుని ప్రాణ మడకత్తెరలో పోకచెక్క యయ్యెను.

పల్లకి వచ్చెను. దివానుగా రెఱ్ఱని గోడను జూచి, "వీడు సున్నమునకు బదులు నీళ్లు చల్లినాడు" అని పెదవి విఱిచిరి.

"ఒక్క గడియ ఆరనియ్యండి బాబయ్యా! తెలుపు లోపలే ఉంది!" అని పోలన్న నేలపై సాగిలపడెను. పల్లకి యాగలేదు.

అపరాహ్ణమున మబ్బు విచ్చెను. ఓడ రేవు విడిచిన వేళకు పోలన్న వేసిన యేడు పూతల సున్న మొక్కమాఱుగ నాఱి, యా జీర్ణకుడ్యము కన్నులు చెదరునట్లు తెల్లనయ్యెను. ప్రభువులు భుజించి నిద్రించుచుండిరి. ఆఱునంతవఱకు నిలువలేని న్యాయమునకు దెలుపెన్నడును గనబడదు.

ఓడమీదనున్న గవరయ్యకు మాత్ర మది కనబడెను. తన తండ్రి చేతి పనియని యెఱిగి, తీరము కనుమఱుగగువఱకు వాడు దానినే చూచుచుండెను.