తలూపే పిల్ల

రోహిణికి చెవులు వినపడవు. మగ్గాల ఇంట్లో పెరిగింది. నాన్న ఏదో అంటాడు, అమ్మ ఏదో అంటుంది, ఈమె అన్నిటికీ తలూపుతుంది. తలూపితే ఎవరూ మళ్లీ అడగరు, ఎవరికీ విసుగు రాదు. గద్వాలలో హైస్కూల్లో చేరాక కూడా అదే తంతు. "మంచి పిల్ల, సతాయించదు" అని సార్లంతా మెచ్చుకున్నారు. పరీక్షలో మాత్రం తెల్ల కాగితం ఇచ్చి వచ్చేది.

ఆ తలూపుడు మాన్పించడానికి, వినపడని పిల్లల టీచర్ భార్గవికి తలప్రాణం తోకకొచ్చింది. పిల్లకు సైగలు నేర్పింది, పైవాళ్ల కాళ్లావేళ్లా పడి, సార్లు చెప్పే పాఠాన్ని సైగల్లో చెప్పే సుమనను క్లాసులోకి రప్పించింది. మనిషి వస్తే సరిపోతుందా? ఆ మనిషితో పని చేయించుకోవడం పిల్లకు రావాలి కదా. సారును అడగాలంటే సారు ముఖమే చూడు, సుమనను కాదు. అర్థం కాకపోతే చెయ్యెత్తు, పాఠం ఆగితే ఆగనీ అని రోజూ పోరింది. సుమనకూ గట్టిగా చెప్పింది: "పిల్ల ఏమంటే గదే చెప్పు. ఒక్క ముక్క కలపొద్దు, మింగొద్దు."

చలికాలం వచ్చేసరికి రోహిణి చెయ్యెత్తింది. సైన్సు సారు పళ్లు కొరికాడు. అయినా అడిగింది, మార్కులు తెచ్చుకుంది. భార్గవి మురిసిపోయింది.

సుమనను వచ్చే ఏడాది ఉంచాలా వద్దా అని తేల్చడానికి ఒక అధికారి వచ్చాడు. రోహిణి ఎదురుగా ఉన్నా సుమననే అడిగాడు: "నువ్వు చెప్పేదంతా ఈమెకు సమజైతదా? అడుగు."

రోహిణి నేర్చుకున్నట్టే ఆయన ముఖంలోకి చూస్తూ చేతులు కదిపింది.

"అంతా కాదు సార్..." అని ఆ సైగలను పైకి చెప్పింది సుమన.

"మరెందుకు దండగ?" ఆయన అప్పుడే వెనక్కి తిరిగాడు.

రోహిణి చేతులు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. అర్థం కానిది ఆపి అడుగుతాను, సుమన మేడం మళ్లీ చెప్తుంది అంటోంది. సుమన ఆ మాటలు పైకి చెబుతూనే ఉంది. వినేవాడేడీ?

భార్గవి వెంటపడింది. "సార్, పిల్ల ఇంకా చెప్తుంది. జర ఆగుండ్రి."

"కాదని ఆమెనే చెప్పె గదమ్మా. ఇంకేముంది?" అని ఆయన జీపెక్కాడు.

భార్గవి సుమన మీద విరుచుకుపడింది. "ఒక్క ఔను అంటే నీ సొమ్మేం పోయె?"

"కలపొద్దన్నది మీరే గద మేడం."

భార్గవికి తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది.

సెలవులయ్యాక సుమన రాలేదు. ఒకరోజు భార్గవి కిటికీలోంచి చూసింది. సైన్సు సారు బోర్డు వైపే తిరిగి పాఠం ముగించి, "సమజైందా?" అన్నాడు. పిల్లలందరితోపాటు రోహిణి తలూపింది.

గంట కొట్టాక భార్గవి ఆమెను ఆపి, సారు ఏం చెప్పాడని సైగ చేసింది. రోహిణి ఆమె ముఖంలోకి చూసి, నవ్వి, తలూపింది.