అద్దకం ముక్కల బొంత

ఫెబీ హైదరాబాదులో పాత గుడ్డలు భద్రపరిచే ఒక మ్యూజియంలో పనిచేస్తుంది. దొనకొండలో ఉంటున్న పెద్దమ్మ పుష్పమ్మ దగ్గరికి ఈసారి ఆమె ఇంట్లో ఉన్న పాత బొంత కోసమే వచ్చింది. ఆ బొంత పైపొరంతా అరచేతి వెడల్పు అద్దకం ముక్కలే. పుష్పమ్మ తాత చీరాల వైపు నుంచి అద్దకం గుడ్డలు తెచ్చి కంభం సంతలో అమ్మేవాడు. మూట విప్పకుండా చూపించడానికి రకానికొక ముక్క నమూనాగా చేతిలో ఉంచుకునేవాడు. మిల్లు గుడ్డ వచ్చాక బేరం పోయింది. నమూనాలు మాత్రం మిగిలాయి. పుష్పమ్మ తల్లి చాలా ఏళ్లకు వాటిని ఇద్దరు కూతుళ్లతో కలిసి బొంతగా కుట్టింది.

“కుట్లు విప్పి, ముక్కలు శుభ్రం చేసి, అందరూ చూసేటట్టు అద్దాల పెట్టెలో పెడతాం పెద్దమ్మా,” అంది ఫెబీ.

“నన్నొక్కదాన్నే అడిగితే ఎట్ల? సగం మీయమ్మ కుట్టింది. దాన్ని గూడా అడగాల.”

 ఫెబీ తల్లి రూతమ్మ గిద్దలూరులో ఉంటుంది. అమ్మమ్మను ఏ ఊళ్లో సమాధి చేయాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, అక్కచెల్లెళ్లు ఏళ్ల తరబడి మాట్లాడుకోవడం లేదు. అయినా ఫెబీ తల్లికి ఫోన్ చేసింది.

మరునాడు రూతమ్మ రైలు దిగి వచ్చింది. అక్కను పలకరించకుండానే బొంత ముందు కూర్చుని ముక్కల్ని నిమిరింది.

“ఆ వంకర కుట్లు నీవే,” అంది పుష్పమ్మ.

“సూది నా చేతికిచ్చి నువ్వు ఆడుకోను పోయినావు గదా.”

“పోయినా. అమ్మ చేత దెబ్బలు గూడా తిన్యా.”

రూతమ్మ నవ్వాపుకుని, కూతురి దగ్గర చిన్న కత్తెర తీసుకుంది. ఇద్దరూ చెరో కొసనుంచి విప్పడం మొదలుపెట్టారు. మడతల లోపల ఎండ తగలని చోట ఎరుపు ఇంకా గాఢంగా ఉంది.

“మన చిన్నప్పుడు గూడా ఇంత ఎరుపు చూడలే,” అంది పుష్పమ్మ.

కాసేపటికి రూతమ్మ తలెత్తకుండానే అంది. “అమ్మను ఇక్కడ పెట్టినావని కాదక్కా నా బాధ. ఒక్క మాట నన్ను అడగలే.”

“అడగాల్సింది,” అంది పుష్పమ్మ. “తప్పే చేసినా.”

రూతమ్మ ఇంకో కుట్టు కత్తిరించి, విడిపోయిన ముక్కను అక్క చేతికిచ్చింది.

సాయంత్రానికి ముక్కలన్నీ పలచని కాగితాల మధ్య చేరాయి. బొంత తీసేసిన ఖాళీ మంచం వైపు చూస్తూ పుష్పమ్మ నిలబడిపోయింది. రైలుకు ఫెబీ ఒక్కతే బయలుదేరింది. రూతమ్మ ఉండిపోయి, కొత్త బొంతకని అక్క పాత చీరలు ముందేసుకుని చింపుతోంది.